ప్రసంగం రాని ఉపదేశి

మా తాతయ్యకి ప్రసంగం చేయడం రాదు. ఎగతాళికి అనడం లేదు, ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎవరైనా ఇదే చెప్తారు. వృత్తి చూస్తే ఉపదేశి. అంటే వాడలో బడి పంతులూ ఆయనే, అయ్యగారు, అంటే పాదిరిగారు, రాని ఆదివారాల్లో ఆరాధన నడిపేదీ ఆయనే. దోర్నకల్ డయోసీస్ (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం) పల్లెల్లో అప్పట్లో అయ్యగారు ఎప్పుడో నెలకోసారి వచ్చి సంస్కారం (ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం) ఇచ్చి, బాప్తిస్మాలుంటే ఇచ్చి, ఎడ్లబండి ఎక్కి ఇంకో ఊరికి వెళ్ళిపోయేవారు. మిగతా రోజులన్నీ ఉపదేశి నెత్తినే. అలాంటి మనిషికి నలుగురి ముందు నిలబడితే గొంతు లోపలికి పోయేది. కాగితం చూసి చదివేవాడు, మధ్యలో వరస తప్పేవాడు, ఒక్కోసారి చదివిన పేరానే మళ్ళీ చదివేవాడు. వెనక మగవాళ్ళ వైపు నుంచి గురకలు. "మీ తాత వాక్యం మొదలుపెడితే చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపి పడుకుంటారు, దేవుడు ఒక్కొక్కరికి ఒక్కో వరం ఇస్తాడు మరి" అనేది మా నాయనమ్మ, ఆయనకి వినపడేలాగానే.

ఇప్పటికీ నేను ఆ ఊరెళ్తే డెబ్భై, ఎనభై ఏళ్ళవాళ్ళు "పంతులుగారి మనవడివి కదూ" అని చేయి పట్టుకుని కూర్చోబెట్టుకుంటారు. ఇక మొదలు. పంతులుగారు ఆ సంవత్సరం అలా చేశాడు, ఈ సంవత్సరం ఇలా చేశాడు అని గంటలు గంటలు. ఆయన చెప్పిన ప్రసంగం ఒక్కటంటే ఒక్కటి గుర్తున్నవాళ్ళు నాకింతవరకు తగల్లేదు.

తాతయ్యది గార్ల వైపు ఒక మాల కుటుంబం. వాళ్ళ నాన్న దొరగారి దగ్గర పాలేరు. మిషన్ బళ్ళో నాలుగు అక్షరాలు నేర్చుకున్న పిల్లవాడు, పెళ్ళయ్యాక భార్యతో సహా దోర్నకల్‌కి ట్రైనింగ్‌కి వెళ్ళాడు. 1930ల సంగతి. భార్యతో సహా అని ఎందుకు అంటున్నానంటే అక్కడి పద్ధతే అది. ఉపదేశి ఒక్కడూ చదువుకుని వస్తే సరిపోదు, వాడలో ఆడవాళ్ళు చూసేది ఉపదేశి భార్యని కదా, ఆమె ఇల్లెలా ఉంచుతుంది, పిల్లల్నెలా పెంచుతుంది, పొరుగావిడతో ఎలా మాట్లాడుతుంది, ఇవన్నీ చూస్తారు కదా. అందుకని ఆమెకి కూడా చదువు, ఆమెకి కూడా శిక్షణ. మా నాయనమ్మ అక్షరాలు నేర్చుకుంది దోర్నకల్లోనే. ఆమె తాతయ్య కంటే బాగా చదివేది, ఆ మాట ఆయనే ఒప్పుకునేవాడు.

అప్పుడక్కడ బిషప్ వి.ఎస్. అజరయ్యగారు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. 1909లో మిషనరీగా దోర్నకల్ వచ్చి, ముప్పై అయిదేళ్ళ వయసులో కూర్చుని తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి శాఖలో, మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. అంతకు రెండేళ్ళ ముందే 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీల మహాసభలో తెల్ల మిషనరీల మొహం మీదే చెప్పారట: మీరు మా కోసం త్యాగాలు చేశారు, ఆస్తులిచ్చారు, సరే, మాకు స్నేహితుల్ని కూడా ఇవ్వండి అని. ఈ ఎడిన్‌బరో సంగతి తాతయ్య నోట నేనెప్పుడూ వినలేదు, పెద్దయ్యాక చదువుకున్నదే. తాతయ్య చెప్పేది వేరే. బిషప్ గారు ఎడ్లబండి మీద ఊరూరా తిరగడం, బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్ళ చేతా నెత్తిన చెయ్యి పెట్టించి "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ (అంటే కీడు)" అని చెప్పించడం, ఇవి చెప్పేవాడు. చెప్తూ తన నెత్తిన చెయ్యి పెట్టుకునేవాడు. మేం నవ్వేవాళ్ళం.

నాకు అనుమానం వచ్చేది. ప్రసంగమే రాని మనిషి నెత్తిన చెయ్యి పెట్టుకుని అంత మాట ఎలా అన్నాడా అని.

సరే, ట్రైనింగ్ అయింది. పోస్టింగ్ ఇచ్చారు. ఎక్కడికంటే ఇంకో ఊళ్ళో మాదిగవాడకి. ఈ విషయం తెలుగు క్రైస్తవులందరికీ తెలిసిందే అయినా పైకి మాట్లాడం కాబట్టి కాస్త విడమరిచి రాస్తాను. ఊరికి మాల మాదిగలిద్దరూ అంటరానివాళ్ళే, కానీ వాళ్ళలో వాళ్ళకి మళ్ళీ ఒక గీత. బావి వేరు, వాడ వేరు, పెళ్ళిళ్ళు వేరు, చాలాచోట్ల సమాధుల దొడ్లు కూడా వేరు. బాప్తిస్మం తీసుకున్నాక పాత పేర్లు పోయి ఏసుదాసు, దేవదానం అని కొత్త పేర్లు వచ్చాయి గానీ గీత మాత్రం పోలేదు. అజరయ్యగారు జీవితమంతా దీనితో తలపడ్డారు, అయినా వదలలేదు. సంస్కారం రోజున బల్ల దగ్గర ఒకే పాత్రలో తాగుతారు, ఇంటికెళ్ళాక ఒకరి కుండలో నీళ్ళు ఇంకొకరు ముట్టరు. ఇది ఎలా సాధ్యమో నాకు ఈనాటికీ అర్థం కాదు, కానీ జరిగేది.

తాతయ్య, నాయనమ్మ బండి దిగేసరికి సాయంత్రమైందట. ఉపదేశి ఇల్లంటే గుడిసె, దాన్ని ఆనుకుని బడి, ఆదివారం అదే గుడి. సామాను దించి నాయనమ్మ కుండ తీసుకుని బయల్దేరింది. మాలబావి ఊరికి అవతలి పక్క, మాదిగబావి గుడిసె ఎదురుగా. వాడ ఆడవాళ్ళు అనుకున్నదేమిటంటే ఈమె నీళ్ళకి అవతలికి వెళ్తుంది, లేదంటే తన వాళ్ళెవరి చేతనైనా తెప్పించుకుంటుంది. అంతకు ముందున్న పంతులమ్మ అలాగే చేసేదట. నాయనమ్మ తిన్నగా ఎదురు బావి దగ్గరికి పోయి చేద అందుకుంది. అక్కడున్న ఒకామె గాబరాపడి "అమ్మా, ఇది మా బావి" అంది. నాయనమ్మ "నీళ్ళు బాగుంటాయా?" అని అడిగింది. "బాగుంటాయి." "అయితే సరే" అని తోడుకుని, అక్కడే దోసిలితో తాగి, కుండ నింపుకుని వచ్చేసింది. అంతే. దాని మీద ఆ రాత్రి ప్రార్థనలో ఒక్క మాట లేదు, ఆదివారం వాక్యంలో ఒక్క మాట లేదు.

ఈ కథ నాయనమ్మ చెప్తే ఇంతే ఉంటుంది, పొడి పొడిగా. వాడలో ముసలమ్మలు చెప్తే మాత్రం అరగంట పడుతుంది, ఆమె కట్టుకున్న చీర రంగు దగ్గర్నుంచి చెప్తారు. ఒకామె అయితే ఆ రోజు తను పుట్టనే లేదు, అయినా కళ్ళతో చూసినట్టే చెప్తుంది.

మర్నాటి నుంచి తాతయ్య వరసగా ఒక్కో ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాడు. పొద్దున బడికి రాని పిల్లల్ని పిలవడానికి వెళ్తాడు, గడప దగ్గర కూర్చుంటాడు, గటక పెడితే తింటాడు. మొదట్లో పెట్టడానికి వాళ్ళే భయపడ్డారట, పంతులుగారికి మనింట్లో పెట్టడమేంటి అని. ఈయన అడిగి పెట్టించుకునేవాడు. జొన్న గటక, చింతపండు పులుసు, అంతకంటే ఎవరింట్లోనూ ఏమీ ఉండేది కాదు. ఈ కబురు గార్ల వైపు వెళ్ళడానికి వారం కూడా పట్టలేదు. మా పెదతాత, అంటే తాతయ్య అన్న, కబురు పంపించాడు: "ఆ వాడలో తిన్నోడు మా గడప తొక్కొద్దు" అని. అన్నదమ్ములిద్దరికీ బాప్తిస్మం ఇచ్చింది ఒక్క అయ్యగారే, ఒక్క రోజే. ఆ కబురు తర్వాత చాలా ఏళ్ళు అన్నదమ్ములకి మాటల్లేవు. వాళ్ళమ్మ చనిపోతే తాతయ్య వెళ్ళి బయట వేపచెట్టు కింద కూర్చుని, సమాధి కార్యక్రమం అయ్యాక అలాగే లేచి వచ్చేశాడు. ఎవరూ లోపలికి రమ్మనలేదు, ఆయనా వెళ్ళలేదు.

ఇది ఆయన గొప్పగా చెప్పుకోగా నేనెప్పుడూ వినలేదు. మా నాన్న చెప్పాడు, అదీ కోపంగా.

మా నాన్న సంగతి కూడా రాయాలి. ఉపదేశి కొడుకుగా పుట్టడం అంత తేలికేం కాదు. వాడంతా చూస్తూ ఉంటుంది. దోర్నకల్‌లో టూరింగ్ టాకీసు వస్తే ఊళ్ళో కుర్రాళ్ళంతా వెళ్తారు, పంతులుగారి అబ్బాయి వెళ్ళకూడదు. పీర్ల పండక్కి గుండం చుట్టూ అందరూ ఎగురుతారు, ఈయన దూరం నుంచి చూడాలి. గోలీలాట కూడా డబ్బులు పెట్టి ఆడుతున్నారని ఎవరో చెప్తే తాతయ్య కొట్టలేదు, తిట్టలేదు, ఆ రోజు తను అన్నం మానేశాడు. "కొట్టినా బాగుండేది" అనేవాడు నాన్న. నాన్న రైల్వేలో చేరి కాజీపేట వెళ్ళిపోయాక ఊపిరి పీల్చుకున్నానని నాతో ఒకసారి అన్నాడు. బీడీలు తాగేవాడు, తాతయ్య వస్తున్నాడంటే యాలకులు నమిలేవాడు. సంఘపెద్దగా ఉండమని కాజీపేటలో ఎన్నోసార్లు అడిగారు, ఒప్పుకోలేదు. తాతయ్యని తప్పుపట్టిన మాట ఒక్కటీ బయటివాళ్ళ ముందు అనేవాడు కాదు గానీ, మాదిరిగా బతకమని మైకులో చెప్తుంటే మాత్రం లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. ఆ బరువు మోసినవాడికే తెలుస్తుంది అనుకుంటాను. నాకు తాతయ్య అంటే ఎంత ఇష్టమో నాన్న కోపంలోనూ అంత న్యాయం కనిపిస్తుంది.

గత్తర వచ్చిన సంవత్సరం గురించి వాడలో అందరూ చెప్తారు. నిజాం పాలన చివరి రోజులు. కలరా అని ఎవరూ అనరు, ఇప్పటికీ గత్తరే. ఊళ్ళో ఉన్నవాళ్ళు కొట్టాలకి, పొలాలకి వెళ్ళిపోయారు, పటేల్ కుటుంబం బండ్లు కట్టుకుని చుట్టాల ఊరికి వెళ్ళిపోయింది. పేదవాడు ఎక్కడికి పోతాడు? తాతయ్య వాళ్ళు ఉండిపోయారు. నాయనమ్మ పొయ్యి ఆర్పకుండా నీళ్ళు కాచి, ఉప్పేసి గంజి కాచి ఇంటింటికీ పంపేది. తాతయ్య గుడ్డలు తీసుకెళ్ళి దూరంగా కాల్చేవాడు, పోయినవాళ్ళకి గొయ్యి తవ్వేవాడు. మొదటి రోజు ఒక్కడే తవ్వాడట, రెండో రోజు ఇద్దరు కుర్రాళ్ళు పార పట్టుకుని వచ్చి నిలబడ్డారు, ఆ తర్వాత పిలవాల్సిన పని లేకపోయింది. అప్పుడు మా మేనత్త ఒకామె, రెండేళ్ళ పిల్ల, పోయింది. ఆ పిల్ల పేరు మా ఇంట్లో ఎవరూ పలకరు.

గత్తర తగ్గాక పటేల్ తిరిగొచ్చి, కొన్నాళ్ళకి తన మనవడిని తాతయ్య బడికి పంపించాడు. ఆ రోజుల్లో అది మామూలు సంగతి కాదు. దీని గురించి పెద్ద లెక్కలో చెప్పాలంటే, 1930ల్లోనే దోర్నకల్ ప్రాంతంలో రెడ్డి, కమ్మ, వెలమ కుటుంబాలు కొన్ని సంఘంలోకి వచ్చాయి. ఎందుకొచ్చారంటే వాళ్ళు చెప్పిన కారణం బిషప్ గారి ప్రసంగాలు కాదు. మా దగ్గర పనిచేసే మాల మాదిగలు మారిపోయారు, చూశాం, అందుకొచ్చాం అన్నారు. అజరయ్యగారు ఈ మాటని చాలాచోట్ల ప్రస్తావించారు. బడి చదువు లేని, సెంటు భూమి లేని మనుషులు తమ బతుకుతో దొరల్ని కదిలించారన్నమాట. చరిత్ర పుస్తకాల్లో ఇలాంటివాళ్ళకి పేర్లు ఉండవు. ఉండాలి.

బిషప్ గారు నాలుగు దయ్యాల గురించి చెప్పేవారట: మురికి, రోగం, అప్పు, తాగుడు. వీటిలో అప్పు దగ్గర తాతయ్య చేసిన పని నాకు బాగా ఇష్టం. మా పెద్దత్త పెళ్ళి. 1950ల చివర్లో అనుకుంటాను. ఆ రోజుల్లో పెళ్ళంటే మూడు రోజులు, వాడంతటికీ మాంసం, కల్లు, బ్యాండుమేళం. దానికి షావుకారు దగ్గర అప్పు, ఆ అప్పు తీరక కొడుకుని దొర దగ్గర జీతానికి కుదర్చడం, వాడి పెళ్ళికి మళ్ళీ అప్పు. ఇది అందరికీ తెలుసు, అందరూ తిట్టుకుంటారు, అందరూ చేస్తారు. తాతయ్య పెద్దకూతురి పెళ్ళి ఆదివారం ఆరాధన అవగానే గుళ్ళోనే చేసి, అన్నం, పప్పు, గుమ్మడికాయ పులుసు పెట్టి పంపించేశాడు. బ్యాండు లేదు. కొత్త చీర ఒక్కటి. నాయనమ్మ రెండు రోజులు ఏడ్చిందని మా అత్తే చెప్పింది, ఆమె కూడా ఏడ్చిందట. "పంతులు పిసినారి" అని వాడంతా చెప్పుకున్నారు, అబ్బాయి తరఫువాళ్ళు మొహాలు ముడుచుకుని వెళ్ళారు. తాతయ్య ఏమీ సంజాయిషీ ఇవ్వలేదు. రెండేళ్ళ తర్వాత ఒకాయన వచ్చి "పంతులుగారూ, మా పిల్లకి కూడా ఆదివారమే చేద్దామనుకుంటున్నా" అన్నాడు. ఆ తర్వాత ఆ వాడలో ఆదివారం పెళ్ళి అనేది ఒక పద్ధతే అయిపోయింది. పిల్ల తండ్రులకి ఒక సాకు దొరికింది కదా, "పంతులుగారే అలా చేశారు, మనమెంత" అని.

తాగుడు దగ్గర మాత్రం ఆయన వల్ల కాలేదు. ఆయన ముట్టడు, అందరికీ తెలుసు. అయినా సాయంత్రమైతే ఈతవనం దగ్గర జనమే జనం. ఆయన కంజీర నేర్చుకుని ఆ వేళకే ప్రార్థన, పాటలు పెట్టాడు, వచ్చేవాళ్ళు వచ్చేవాళ్ళు, కొందరు కల్లు తాగి వచ్చి మరీ మంచి శృతిలో పాడేవాళ్ళు. తాతయ్య వాళ్ళని పొమ్మనేవాడు కాదు. ఒక మనిషి మాదిరి చూసి ఊరంతా మారిపోతుందని చెప్పేవాళ్ళ మాట నేను అంత తొందరగా నమ్మకపోవడానికి ఆ ఈతవనమే కారణం.

ఇక నేను కళ్ళతో చూసినవి. డెబ్భైల్లో వేసవి సెలవులకి కాజీపేట నుంచి రైలెక్కి దోర్నకల్ జంక్షన్లో దిగేవాళ్ళం. అప్పటికి పెంకుల గుడి కట్టారు, తాతయ్య రిటైరయ్యాడు, కొత్త ఉపదేశి వచ్చాడు. అయినా శనివారం సాయంత్రం గుడి ఊడ్చేది ఈయనే. పొడుగు చీపురు పట్టుకుని ఒక మూల నుంచి మొదలుపెట్టేవాడు. ఎవర్నీ రమ్మనడు. మేం పిల్లలం కాసేపు చుట్టూ పరిగెత్తి, తర్వాత ఊరికే ఉండలేక ఒకడు చాపలు దులిపేవాడు, ఒకడు లాంతరు చిమ్నీలు బూడిదతో తోమేవాడు, చిమ్నీ లోపలికి చెయ్యి దూరేది నాదొక్కడిదే కాబట్టి అది నా ఉద్యోగం. కొత్త ఉపదేశి కూడా రెండు మూడు వారాలు చూసి, ఇబ్బందిగా నవ్వుకుంటూ తనూ ఒక చీపురు తెచ్చుకున్నాడు. నాయనమ్మ వెటకారం ఆపుకోలేకపోయింది, "ఇంట్లో చీపురు ఎక్కడుంటుందో తెలీదు గానీ" అని.

నాయనమ్మది వేరే లెక్క. పొయ్యి మీద ఎసరు పెట్టగానే ముందు ఒక పిడికెడు తీసి పక్కన ముంతలో వేసేది. పిడికెడు బియ్యం అనేవాళ్ళు దాన్ని, మన సంఘాల్లో చాలాచోట్ల ఉందిది. బియ్యం అనడమే గానీ పాత రోజుల్లో వాళ్ళింట్లో బియ్యం పండగలకే, ముంతలో పడేవి జొన్నలు. ఆదివారం ఆ ముంత తెచ్చి గుళ్ళో కుమ్మరించేవాళ్ళు, దాన్ని అమ్మి అయ్యగారి జీతానికో, వాడలో దిక్కులేనివాళ్ళకో ఇచ్చేవాళ్ళు. ఇంట్లో చాలని రోజున కూడా వేస్తావా అని నేనడిగితే, "చాలని రోజున పిడికిలి కొంచెం చిన్నదవుతుంది" అంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఆమె పొయ్యి దగ్గర కూర్చుని కబుర్లు చెప్తూ ఇదంతా చూసేవాళ్ళు. పంట పండగకి గుళ్ళో వేలంపాట జరిగితే అన్నిటికంటే ముందు నాయనమ్మ పెట్ట కోడి వచ్చేది, గుడ్లు పెడుతున్న కోడి, ముసలిది కాదు. కోళ్ళు పెంచేవాళ్ళకి ఆ తేడా తెలుసు.

ఇంకొకటి. ఆంగ్లికన్లు, ఇంకొన్ని సంఘాలవాళ్ళు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) 1947 సెప్టెంబరు 27న ఏర్పడ్డాక, 1950లో కొత్త ఆరాధన క్రమం వచ్చింది. అందులో సంస్కారానికి ముందు సమాధానం, అంటే శాంతి, ఇచ్చిపుచ్చుకోవాలి, ఒకరి చేతుల్లో ఒకరు చేతులు పెట్టి. ఇప్పుడు మనం నవ్వుతూ గబగబా షేక్‌హ్యాండిచ్చేసి అయిపోయింది అనుకుంటాం. తాతయ్య దాన్ని చాలా సీరియస్‌గా తీసుకున్నాడు. మేక కంచె దాటి చిక్కుడు పాదు తినేసిందని పక్కింటాయనకీ ఈయనకీ గొడవ, ఈయనే నోరు జారాడు. ఆ ఆదివారం అయ్యగారు వచ్చారు. సమాధానం ఇచ్చే వేళకి తాతయ్య మగవాళ్ళ వరస దాటుకుని వెళ్ళి ఆయన ముందు నిలబడి, అందరికీ వినపడేలా "నేను అన్నది తప్పు" అని చేతులు చాచాడు. ఆయన ఇవ్వలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తాతయ్య ఆ రోజు సంస్కారం తీసుకోకుండా ఆ వరసలోనే ఆయన పక్కన కూర్చుండిపోయాడు. ఉపదేశి సంస్కారం తీసుకోలేదంటే గుళ్ళో గుసగుసలు. అయ్యగారు నెల తర్వాత మళ్ళీ వచ్చినప్పుడు గానీ అది తెగలేదు. ఈ కథ నాకు చెప్పింది ఆ పక్కింటాయన కొడుకే. "మా నాయన ఆ నెలంతా సరిగా అన్నం తినలే" అన్నాడు.

మా అమ్మ వైపువాళ్ళు ఒంగోలు బాప్టిస్టులు. ఇద్దరు తాతలూ కలిస్తే బాప్తిస్మం నీళ్ళు చల్లడమా ముంచడమా అని మొదలయ్యేది, నాయనమ్మ ఉస్సురనేది. ఒంగోలు తాతయ్య దగ్గర ఒక కథ ఉండేది, అది మాత్రం మా తాతయ్య కూడా మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవాడు. 1876 నుంచి 78 దాకా కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకి తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళందరికీ పని ఇచ్చారు. తన దగ్గరున్న తెలుగు బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టారు. తట్ట మోసేవాడి పక్కనే పగలంతా ఉండటం, పని ఆగినప్పుడు కూర్చుని మాట్లాడటం. కరువు నడిచినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, గింజల కోసం వచ్చారనే మాట రాకూడదని. అది గడిచాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి ఇచ్చారు. ఒంగోలు తాతయ్యకి ఆ అంకె అంటే గర్వం. మా తాతయ్యకి నచ్చేది దాని ముందు సంగతి, బాప్తిస్మం అడిగితే ఇప్పుడు కాదు అనడం. "అదీ బోధ" అనేవాడు. ఆయన నోట నేను విన్న పొడుగాటి వ్యాఖ్యానం అదే.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో వెళ్ళే చర్చిలో ఎల్‌ఈడీ తెర ఉంది, పాటలకి డ్రమ్సు ఉన్నాయి, పాస్టర్ గారు చాలా బాగా మాట్లాడతారు, నిజంగానే బాగా మాట్లాడతారు, నేను కునుకు తీసిన ఆదివారం లేదు. పొద్దున లేస్తే ఫోన్‌లో ఎనిమిది మంది వాక్యం పంపిస్తారు. "విశ్వాసులకు మాదిరిగా ఉండుము" అని గులాబీ పువ్వు మీద రాసి పంపినాయన మా అపార్ట్‌మెంట్‌లోనే ఉంటాడు, వాచ్‌మన్ మీద అరిచే గొంతు మూడో అంతస్తు దాకా వినిపిస్తుంది. చెప్పేవాళ్ళకి కొరత లేదు మనకి. వీళ్ళందర్నీ తీసిపారేయడం లేదు, తాతయ్య కూడా ఇంత బాగా మాట్లాడగలిగి ఉంటే సంతోషించేవాడే. కాకపోతే అప్పుడాయన అంత ఊడ్చేవాడా, అంత తవ్వేవాడా అని ఒక్కోసారి అనుమానం.

తాతయ్య పోయింది ఎనభైల్లో. ఎక్కడ పెట్టాలి అని చిన్న గొడవ. మా పెదతాత అప్పటికే లేడు, ఆయన కొడుకులు వచ్చి మన వాళ్ళ దొడ్లో పెడదాం అన్నారు, మర్యాదగానే అన్నారు. వాడవాళ్ళు ఏమీ మాట్లాడలేదు, గొయ్యి అప్పటికే తవ్వేశారు, గత్తరలో పోయిన పిల్ల పక్కన. పెదతాత కొడుకులు కాసేపు నిలబడి, ఆ సాయంత్రం వాడలోనే అందరితో పాటు కూర్చుని తిని వెళ్ళారు. నాన్న వడ్డించాడు.

బావులు ఇప్పుడు రెండూ పాడుబడ్డాయి, నల్లాలొచ్చాయి, ఏ వాడలోనైనా ఒకే ట్యాంకు నీళ్ళు. కలిసి తినడం కూడా పెద్ద విషయం కాదిప్పుడు. పెళ్ళిళ్ళ దగ్గర మాత్రం ఆ గీత అలాగే ఉంది. పత్రికల్లో క్రైస్తవ వరుడు కావలెను అని వేసి, బ్రాకెట్లో ఏమేస్తారో చూడండి. మా ఇంట్లోనూ తాతయ్య తర్వాత రెండు తరాలు దాన్ని ఎవరూ దాటలేదు. ఇప్పుడు మా చెల్లెలి కొడుకు దాటుతున్నాడు. అమ్మాయి తాతయ్య పనిచేసిన ఆ వాడలోని పిల్లే, ఇద్దరూ సాఫ్ట్‌వేరు, బెంగళూరులో కలిశారు, వాళ్ళకి ఈ తాతల కథలన్నీ నిశ్చితార్థం నాడు మేం చెప్తేనే తెలిసింది. పెళ్ళి దోర్నకల్ కేథడ్రల్లో. 1939లో ఎపిఫనీ పండగ రోజున, అంటే జనవరి 6న, ప్రతిష్ఠ చేసిన గుడి అది, హిందూ గుళ్ళ స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిపి కట్టింది, తాతయ్య ఆ ప్రతిష్ఠకి నడిచి వెళ్ళాడు. పెళ్ళికొడుకు మాత్రం లోన్ తీసుకోను, ఫంక్షన్ హాల్ వద్దు, గుళ్ళో ఆరాధన అయ్యాక అక్కడే భోజనాలు అంటున్నాడు. మా చెల్లెలికి అదే టెన్షన్, పప్పన్నం పెట్టి పంపిస్తే వియ్యాలవారు ఏమనుకుంటారని. వాళ్ళేమీ అనుకోరమ్మా, వాళ్ళ వాడలో ఆదివారం పెళ్ళిళ్ళు అలాగే చేస్తారు అని నేను చెప్తుంటే వినడం లేదు.